థర్మోస్టాట్ హౌసింగ్‌లో పసుపు

రెండువేల ఇరవై మూడు, ఎండాకాలం. రాబర్ట్‌సన్‌పేట నుంచి బేతమంగళకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. మా మామ చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడి కోలారు బంగారు గనిలో ఫిట్టరుగా చేరినవాడు. గని మూసేశాక ఆయన స్పానర్లు మా ఆయన చేతికి వచ్చాయి, కార్ల షెడ్డు పెట్టాడు. మా ఆయన గుండె ఆగి పోయాక ఆ స్పానర్లే నా చేతికి వచ్చాయి. నాకు సంతకం పెట్టేంత వరకే అక్షరాలు వచ్చు. ఇది నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది. ఇన్నేళ్ళ పనిలో మరవలేనిది ఒకటి చెప్పమన్నారు. చెప్పుకుంటే చాలా ఉన్నాయి. కానీ నోరు తెరిస్తే ముందు వచ్చేది ఈ పసుపు సంగతే.

అసలు ఆ భాగం ఏమిటో తెలియకపోతే మిగతాది తెలియదు. ఇంజను వేడెక్కుతుంది కదా, దాని చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. పొద్దున చల్లగా స్టార్టు చేసినప్పుడు ఆ నీళ్ళు బయటికి పోకూడదు, లోపలే తిరిగి ఇంజను తగినంత వేడెక్కాలి. వేడెక్కాక ముందున్న రేడియేటర్‌లోకి పోయి చల్లారి రావాలి. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదలాలి అని చూసేదే థర్మోస్టాట్. చిన్న పిల్లల గిలక్కాయంత ఉంటుంది. దాని పొట్టలో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బితే మూత తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. అంతే దాని తెలివి. అది కూర్చునే అల్యూమినియం గూడును హౌసింగ్ అంటారు. పై హోస్ పైపు వచ్చి తగులుకునేది ఈ హౌసింగ్ మూతికే. కింద ఇంజనుకూ దానికీ మధ్య నీళ్ళు కారకుండా గాస్కెట్ అని ఒక అట్టముక్క.

మనవైపు ఈ హౌసింగ్ ఊరికే పాడవదు, నీళ్ళతో పాడవుతుంది. మా కోలారు జిల్లా బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లగా పొర ఎట్లా కడతాయో, ఆ అల్యూమినియానికీ అట్లాగే కడతాయి. కూలెంట్ అని రంగు ద్రవం దొరుకుతుంది, అది కలిపిన నీళ్ళు పోస్తే లోహాన్ని తినవు. చెబితే ఎవరు వింటారు? కొళాయి కింద బిందె పట్టినట్టు పట్టి పోస్తారు. రెండు మూడేళ్ళకు హౌసింగ్ మూతి చెదలు తిన్న వాసంలా అవుతుంది.

గోవిందప్ప బండి కూడా అట్లాగే వచ్చింది. గోవిందప్ప అంటే పాత గని లైన్లలో, కూలీల ఇళ్ళ వరసల్లో ఉండేవాడు, టాక్సీ తోలి తోలి మానేసినవాడు. పాత డీజిలు కారొకటి మిగిలింది. ఆ కారుకు అప్పుడు ఒకటే పని. వాళ్ళావిడ రత్నమ్మకు మూత్రపిండాలు పోయాయి. వారానికి రెండుసార్లు కోలారు తీసుకుపోయి డయాలిసిస్ చేయించుకురావాలి. రక్తం బయటికి తీసి, కడిగి, లోపలికి ఎక్కిస్తారు. ఒక పొద్దు తప్పితే ఒంట్లో నీళ్ళు నిలిచి కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరి ఆడదు. బస్సులో నిలబడి పోయే శక్తి ఆమెకు లేదు.

ఆయన బానెట్ ఎత్తి పెట్టి నా ముందు నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, బండి ఉడుకుతావుండాది. బంగారుపేట దాటేలోపలే వేడి ముల్లు పైకెక్కి కూచుంటాది."

"ఎన్నాళ్ళ నుంచి అన్నా?"

"నెల పైన అయ్యింది. ముగ్గురికి చూపిస్తి. ఒకాయన క్యాపు మార్చినాడు. ఒకాయన ఫ్యాను మార్చినాడు. మూడో ఆయన, మన ఎండలకి థర్మోస్టాట్ యాలప్పా, పీకి పారేస్తే ఇంజను చల్లగుంటాది అంటాడు."

"పీకనిస్తివా?"

"యాడ పీకనిస్తా? నేనేమన్నా నిన్న స్టీరింగు పట్టినోడినా?"

మంచి పని చేశాడు. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజను ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు. డీజిలు ఎక్కువ తాగుతుంది, లోపలి రింగులు అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా లోపలే చుట్టుదారిన తిరిగి ఇంకా ఉడుకుతాయి కూడా. జ్వరమొచ్చిందని జ్వరం కొలిచే గొట్టాన్ని విరగ్గొడతామా?

ఇంజను చల్లారనిచ్చి హౌసింగ్ పట్టి చూశాను. మూతి చుట్టూ ఎవరో సీలు ముద్ద మెత్తి ఉన్నారు, ఇంటి పైపులకు పెట్టేది. గోరుతో గీరితే ఊడి వచ్చింది. కింద అల్యూమినియం గుంటలు గుంటలుగా తినేసి ఉంది. అక్కడి నుంచి నీళ్ళు చెమట పట్టినట్టు కారుతున్నాయి. బోల్టులు విప్పి హౌసింగ్ పైకెత్తాను. లోపల థర్మోస్టాట్ మీద పసుపుపచ్చగా జిగురు. చేతికి తీసి చూస్తే గంజి ఎండినట్టు ఉంది.

"ఏమన్నా, రేడియేటర్లో అన్నం వండుకుంటావుండావా?"

"నీకు ఎకసెక్కంగా ఉండాదా?"

"లేకపోతే లీకు ఆగల్లని పసుపు పోసినావా?"

ఆయనకు కోపం వచ్చింది. లీకున్న రేడియేటర్లో పసుపు పొడి పోస్తే చిల్లులు పూడుకుంటాయని పాత డ్రైవర్లకు ఒక వైద్యం ఉంది. పూడుకునేది చిల్లులే కాదు, లోపలి సన్న దారులన్నీ. అది చేసినవాడు డ్రైవరే కాదని గోవిందప్పే నాకంటే ముందు తిట్టాడు. సరే, ఆ ముగ్గురు మెకానిక్కుల్లో ఎవరో పోసి ఉంటారు అనుకున్నాను.

థర్మోస్టాట్ అంచుకు సూది దూరేంత చిల్లు ఒకటి ఉంటుంది. అందులో వదులుగా ఆడే పిన్ను. నీళ్ళు నింపేటప్పుడు లోపలి గాలి ఆ చిల్లు నుంచే బయటికి పోవాలి. ఇక్కడ ఆ చిల్లు జిగురుతో పూర్తిగా మూసుకుపోయింది. గాలి లోపల నిలబడితే థర్మోస్టాట్‌కు వేడి నీళ్ళు తగలవు. తగలకపోతే మైనం కరగదు, మూత తెరుచుకోదు. అందుకే ఉడుకుతోంది. దాన్ని కడిగి, టీ కాచే గిన్నెలో నీళ్ళు మరగబెట్టి అందులో దారంతో వేలాడదీశాను. మా ఆయన నేర్పిన పరీక్ష అది. నీళ్ళు కాగేకొద్దీ మూత నోరు తెరవాలి. ఇది సగమే తెరిచింది. కొత్త థర్మోస్టాట్, కొత్త హౌసింగ్, కొత్త గాస్కెట్ వేశాను. రేడియేటర్ తిరగేసి కడిగాను. ఆకుపచ్చ కూలెంట్ నింపి, గాలి బుడగలు ఆగేదాకా ఇంజను నడిపి చూశాను.

రత్నమ్మ వెనక సీట్లో తల ఆనించుకుని ఉంది. పోయేటప్పుడు అద్దం దించి, "బాగయ్యిందా అమ్మీ?" అని అడిగింది.

"బాగయ్యిందక్కా. ఇంగ ధైర్యంగా పోండి."

అట్లా అన్నాను. కొన్నాళ్ళు బాగానే పోయారు. ఒకసారి నేనే ఫోను చేసి అడిగాను, "అన్నా, నీళ్ళ రంగు చూస్తావుండావా?" అని. "చూస్తావుండా చెల్లెమ్మా, పచ్చగా ఉండాయి" అన్నాడు. మా దగ్గర పచ్చ అంటే ఆకు రంగూ పచ్చే, పసుపు రంగూ పచ్చే. నేను కూలెంట్ రంగు అనుకుని ఫోను పెట్టేశాను. ఆయనేమో పసుపు చూసి, కూలెంట్ అంటే ఇట్లానే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. ఒక్క మాట దగ్గర ఇద్దరమూ చెరొక దారిన పోయాము.

మే నెలలో ఒక పొద్దున బండిని తాడుతో ఇంకో బండికి కట్టి లాక్కొచ్చారు. బంగారుపేట దాటగానే ఆవిరి కక్కి ఆగిపోయిందట. కోలారులో ఆమె వంతు తప్పిపోయింది. మరుసటి రోజు రమ్మన్నారు. గోవిందప్ప బండిలోంచి దిగుతూనే మొదలుపెట్టాడు.

"ధైర్యంగా పొమ్మంటివే! ఇదేనా ధైర్యం? ఆమె కాళ్ళు చూడు. చూడు పోయి! బాగయ్యింది బాగయ్యింది అని..."

"అరవద్దు. ఆమె వింటావుండాది" అన్నాను.

ఆయన నోరు మూసుకుని, రేపటికి ఏదైనా బండి దొరుకుతుందేమో అడిగొస్తానని పేటలోకి పోయాడు. నేను వెనక తలుపు తెరిచి రత్నమ్మకు గాలి తగిలేట్టు చేశాను. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. పాదం మీద వేలు పెడితే పడిన గుంట అట్లాగే నిలిచేట్టు ఉంది. పెదాలు మాత్రం ఎండిపోయి పగిలి ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్ళిస్తాం కదా, ఆ అలవాటుకొద్దీ చెంబు తెచ్చి అందించబోయాను.

"వద్దమ్మీ. పొద్దుకి ఈ చెంబుకి సగం. అంతే తాగాలంట. పొద్దున మాత్తర్లకే అయిపోయినాయి." చెంబు వైపు కాసేపు చూసింది. "అట్ల పెట్టు. చల్లగుండాది, చెయ్యి పెట్టుకుంటా."

ఆమె చెంబు మీద అరచేయి పెట్టుకుని కూర్చుంది. నేను బండి ముందుకు వచ్చాను. చల్లారాక హౌసింగ్ విప్పాను. కొత్తదే, ఎక్కడా గుంట లేదు. కానీ లోపల మళ్ళీ అదే జిగురు. ఆకుపచ్చ కూలెంట్ బురదరంగుకు తిరిగింది. చిల్లులో పిన్ను ఆడటం లేదు. రేడియేటర్ మూతి దగ్గర ఉబ్బిన బియ్యపు గింజ ఒకటి, సగం చితికి అంటుకుని ఉంది. తులసాకు ఈనె ఒకటి. వేలికి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిలు వాసన వెనకాల కర్పూరం వాసన వచ్చింది.

మెకానిక్కులెవరూ కర్పూరం పోయరు.

ఆ వేలు అట్లాగే పట్టుకుని రత్నమ్మ దగ్గరకు పోయాను. ఏమీ అడగలేదు. వేలు చూపించాను. ఆమె చూసి తల పక్కకు తిప్పుకుంది.

"తీర్థమమ్మీ" అంది.

"బండిలో పోసినావాక్కా?"

"కోలారు పోయే పొద్దంతా పోస్తా. ఆయన బానెట్ ఎత్తి ఆయిల్ చూస్తాడు, మళ్ళ లోపలికి పోయి స్నానం చేస్తాడు. అప్పుడు పోస్తా."

"యాల?"

ఆమె చెంబు మీద చెయ్యి మార్చి పెట్టుకుంది. ఆయాసం తీర్చుకుంటోంది అనుకున్నాను.

"కలశం పెట్టి పూజ చేస్తా కదా. తీర్థం చేతిలో పట్టుకుంటే తాగాల. నేను తాగకూడదు. ఆ ఒక్క గుక్క తాగితే మధ్యానం గుక్క ఉండదు. పారబొయ్యనూ కూడదు, తీర్థం."

"తులసికి పొయ్యకూడదాక్కా?"

"తులసికి పోసేది వేరే. ఇది నా వంతు. నా వంతు ఎవురికియ్యాల? ఆయనకిస్తే ఆయన వంతు ఆయనకుండాది. నన్ను మోసేది ఆ బండి. అది పోతేనే నేను పోతా, అది రాకపోతే నేనుండను. అందుకని నా వంతు దానికి పోసినా. దానికీ దాహమే కదమ్మీ, ఎప్పుడు చూసినా నీళ్ళు తక్కువగుండేది."

నిజమే. పాత హౌసింగ్ కారుతున్నన్నాళ్ళూ రేడియేటర్లో గ్లాసెడు నీళ్ళకు ఎప్పుడూ చోటుండేది. కొత్తది వేశాక నీళ్ళు పొర్లినా, పసుపూ గింజలూ మూతి నుంచి లోపలికి దిగేవి. ఆమె పోసిన పసుపు, అక్షింతలు, తులసి ఇంజను వేడికి ఉడికి గంజి అయ్యి, పోయి పోయి ఆ చిల్లు దగ్గర కూర్చునేవి.

"నేను పోసినందుకేనా బండి ఆగింది?" అని అడిగింది.

లేదు అనడానికి నోరు తెరిచాను. ఆమె చూపు చూసి అనలేకపోయాను. "పసుపు పట్టుకుంటాదక్కా, సన్న చిల్లులుంటాయి" అన్నాను.

"అయితే ఈపొద్దు కోలారులో నా వంతు నేనే పోగొట్టుకుంటి." నవ్వబోయింది, దగ్గు వచ్చింది. "ఆయనకి చెప్పొద్దమ్మీ. నన్నేమీ అనడు. అనకుండా కూచుంటాడు. అది నాకు పడదు."

పొయ్యొద్దు అని చెప్పేస్తే పని తీరేది. కానీ మానెయ్యమని చెప్పే నోరు నాకు రాలేదు. నీళ్ళు తాగొద్దని డాక్టర్లు చెబుతున్నారు, ఉప్పు వద్దని, పండు వద్దని చెబుతున్నారు. ఇంక నేనూ ఒకటి వద్దనాలా? బానెట్ కింద వెతికాను. రేడియేటర్‌కు ఒక పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, వాషర్ బాటిల్. ముందు అద్దం మీదికి నీళ్ళు చిమ్మడానికి. ఇంజను నీళ్ళకూ దానికీ సంబంధం లేదు. గోవిందప్ప దాన్ని ఎప్పుడూ వాడడు, అద్దం గుడ్డతో తుడుచుకునే మనిషి. అది ఎండిపోయి ఉంది.

ఆమెను చెయ్యి పట్టి దించి, తీసుకొచ్చి ఆ మూత చూపించాను.

"ఇదీ బండి నోరేనక్కా. ఇంగ దీంట్లో పొయ్యి. గుడ్డలో వడగట్టి పొయ్యి, బియ్యం గింజ పడకూడదు."

"ఇది యాడికి పోతాది?"

"బండి కళ్ళకి."

ఆమెకు ఆ మాట నచ్చింది. తలాడించింది.

గోవిందప్ప తిరిగొచ్చేసరికి అంతా కడిగి పెట్టాను. ఏమైందని అడిగితే, లోపల పాత పసుపు మిగిలి ఉండింది, ఈసారి మందు పోసి కడిగినాను అన్నాను. ఆయన అరిచినందుకు ఏదో అనబోయాడు. నేను ఇంజను రేసు పెంచి శబ్దం చేశాను.

ఆ తర్వాత బండి ఒక్కసారి కూడా ఉడకలేదు. కూలెంట్ ఆకుపచ్చగానే ఉంది, నేనే కళ్ళారా చూశాను. కానీ రత్నమ్మ కోలుకోలేదు. మరుసటి రోజు డయాలిసిస్ చేశారు, వాపు తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఆషాఢంలో ఒకరోజు కోలారులో డయాలిసిస్ మంచం మీదే గుండె ఆగిపోయింది. నేను లైన్లకు పోయి చూసి వచ్చాను. పడుకోబెట్టి ఉంది. పక్కన నీళ్ళ చెంబు నిండుగా పెట్టారు.

పదకొండో రోజు దాటాక గోవిందప్ప షెడ్డుకు వచ్చాడు. బండి ముందు అద్దం మీద పసుపు చారలు ఎండిపోయి ఉన్నాయి. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. అద్దం వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆపొద్దు కోలారు నుంచి ఆమె ఆంబులెన్సులో ముందు పోతావుండాది. నేను వెనక. సయనైడ్ దిబ్బల కాడికి రాంగానే గాలి లేసింది. ఆ తెల్ల దుమ్ము అద్దానికి పట్టి ముందు బండి కానరాలా. నిలిపి తుడిస్తే వాళ్ళు పోతారు. బటన్ నొక్కినా. ఎప్పుడూ నొక్కనిది."

నేను చేతిలోని స్పానరు కింద పెట్టాను.

"పసుపు నీళ్ళు పడినాయి, చెల్లెమ్మా. అద్దమంతా. కర్పూరం వాసన. ఆమె పూజ గదిలో వాసన."

గని మట్టిని సయనైడుతో కడిగి పారబోసిన దిబ్బలవి. ఆషాఢం గాలికి ఆ దుమ్ము ఊరంతా పడుతుంది. ఆ దుమ్ములో ఆయన ఆ పసుపు చారల మధ్య నుంచే ఆంబులెన్సు వెంట ఇంటికి వచ్చాడు.

"నీకు తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసన్నా. తీర్థం ఆమె తాగకూడదు కదా. ఆ డబ్బాలో పొయ్యమని నేనే చెప్పినా."

ఆయన తలొంచుకుని నేల మీద నట్టు ఒకటి కాలితో అటూ ఇటూ దొర్లించాడు. ఇంక లేస్తాడు అనుకున్నాను. లేవలేదు.

"ముందు? ఇంజన్లో ఉండిన పసుపు?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఆయన అడుగుతున్నది పసుపు గురించి కాదు. తప్పిపోయిన ఆ ఒక్క పొద్దు గురించి. అవునంటే, ఆ పొద్దు ఆమె చేతులారా పోగొట్టుకుంది అని ఆయన మిగిలిన జన్మంతా అనుకుంటాడు. కాదంటే, అబద్ధం. ఆయన డ్రైవరు, అబద్ధం పసిగడతాడు.

బల్ల కింద పాత సామాను డబ్బాలో చెయ్యి పెట్టి ఆ మొదటి హౌసింగ్ తీశాను. పారేయకుండా ఎందుకు ఉంచానో నాకే తెలియదు. ఆయన అరచేతిలో పెట్టాను.

"చూడన్నా. మూతి ఎట్ల తినిపోయిందో చూడు. ఇది ఆమె చేసింది కాదు. ఇన్నేండ్ల బోరు నీళ్ళు. నువ్వు పోసినావు, నీకు ముందు ఓనరు పోసినాడు, మేమందరం పోస్తాం. ఇది కారతావుంటేనే కదా నీళ్ళు తగ్గతావుండింది. బండి అప్పుడే జబ్బులో ఉండింది."

ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. గుంటల్లో బొటనవేలు పెట్టి తడిమాడు. తను అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని ఆయనకు తెలిసింది. తెలిసినా మళ్ళీ అడగలేదు. హౌసింగ్‌ను చొక్కా జేబులో పెట్టుకోబోయాడు, పట్టలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. ఒక భాగం ఒకసారి చెడితే భాగాన్ని చూడాలి. అదే భాగం అదే తీరున రెండోసారి చెడితే, బండితో బతికే మనుషులను చూడాలి. పొద్దున ఎవరు బానెట్ ఎత్తుతారు, ఎవరు మూస్తారు, ఆ మధ్యలో ఎవరు దగ్గరకు వస్తారు అని అడగాలి. ఇప్పుడు ఎవరి బండి వచ్చినా నేను అడుగుతాను. నీళ్ళు పచ్చగా ఉన్నాయంటే, ఏ పచ్చ అని కూడా అడుగుతాను.

ఆరోజు గోవిందప్పకు అద్దం కడిగి ఇస్తానని బకెట్ తెచ్చాను. బానెట్ ఎత్తి వాషర్ బాటిల్ చూశాను. సగం దాకా ఉంది, అడుగున పసుపు పేరుకుని. ఇది ఎండితే మోటారు పట్టేస్తుంది, కడిగేస్తానన్నాను.

"వద్దు చెల్లెమ్మా" అన్నాడు. "తీర్థం పారబొయ్యకూడదు కదా."

మూత బిగించి వదిలేశాను. ఇప్పటికీ సర్వీసుకు ఆ బండి వస్తే ఆయిల్ మారుస్తాను, కూలెంట్ చూస్తాను, హౌసింగ్ మూతి చుట్టూ వేలు తిప్పి తడి ఉందేమో చూస్తాను. ఆ తెల్ల డబ్బా జోలికి పోను. గాలికాలంలో దిబ్బల దుమ్ము ఎంత పట్టినా ఆయన బటన్ నొక్కడు. బండి పక్కకు ఆపి, దిగి, అద్దం గుడ్డతోనే తుడుచుకుంటాడు.